మూడో తరగతిలోనే వాళ్ళ చేయి పట్టుకోండి

శ్రీ సత్యసాయి జిల్లా కలెక్టర్ గారికి,



ఒక్క పని కోసం ఈ లేఖ రాస్తున్నాను. మా గాండ్లపెంట మండలంలో సర్కారు బడి కానీ ప్రైవేటు బడి కానీ, మూడో తరగతి దాటేలోపు కొందరు పిల్లలను పేరుపేరునా గుర్తించాలి. ఎంత చెప్పినా చదవడం పట్టుబడని వాళ్ళు, ఒకచోట కుదురుగా కూర్చోలేని వాళ్ళు, నలుగురిలో కలవలేక తమలో తాము ఉండిపోయే వాళ్ళు. వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్టు చేతికొచ్చేదాకా ఆగకుండా, వాళ్ళు చదివే బడిలోనే వాళ్ళకు సాయం మొదలు కావాలి. డబ్బుతో పెద్దగా పని లేదు. చట్టం ఇప్పటికే ఉంది. మీ మాట ఒకటి కావాలి.

2025 జూలై 10న మన జిల్లాలోనే, కొత్తచెరువు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ముఖ్యమంత్రి, విద్యాశాఖ మంత్రి కూర్చుని మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిపారు. అదే దినం రాష్ట్రమంతటా బడుల్లో తల్లిదండ్రులూ అయ్యవార్లూ కలిసి కూర్చున్నారు. మంచి పని. అయితే ఇలాంటి సమావేశాలు ఎప్పుడు జరిగినా మా వైపు కొందరు తల్లులు వెనక వరసలోనే కూర్చుంటారు. తమ బిడ్డ పేరు పిలవకుండా ఉంటే చాలునని మొక్కుకుంటూ కూర్చుంటారు. పిలిస్తే ఏం వినాల్సి వస్తుందో వాళ్ళకు తెలుసు. ‘వీడికి ఎంత చెప్పినా ఎక్కదమ్మా’, ‘కుదురు లేదమ్మా’, ‘ఇంటికాడ మీరేం చూసుకోరా?’. ఇంకొందరు పిల్లల తరపున అమ్మానాన్నలు రారు. వాళ్ళు బెంగళూరులో ఇటుకలు మోస్తూనో, అపార్టుమెంట్లకు కాపలా కాస్తూనో ఉంటారు. అవ్వ వస్తుంది. ఆమె తల ఊపి, వేలిముద్ర వేసి, పిల్లాడిని తీసుకుని ఇంటికి పోతుంది.

ఆ పిల్లాడి గురించి చెప్పాలి. ఎవరి పేరూ రాయను, రాయకూడదు కూడా. కానీ అలాంటి పిల్లాడు మా మండలంలో ఏ పంచాయతీలోనైనా కనిపిస్తాడు. బోరు మోటారు స్టార్టరు ఎందుకు ట్రిప్పయిందో శబ్దం వినే చెప్తాడు. గొర్రెల మందలో ఏ పిల్ల ఏ తల్లిదో పొరపాటు పడడు. అంగట్లో లెక్క నోటితో చేస్తాడు. వేమన పద్యాలు ఇరవై దాకా తడుముకోకుండా అప్పజెబుతాడు. పుస్తకం తెరిచి చదవమంటే గొంతు పూడుకుపోతుంది. ‘మ’కూ ‘య’కూ తేడా నిన్న తెలిసింది, ఈరోజు తెలియదు. ఒత్తు వస్తే ఆగిపోతాడు. కొమ్మా, కొమ్ముదీర్ఘమా అన్నచోట ప్రతిసారీ అదృష్టం మీద ఆధారపడతాడు. నోట్సు రాస్తే అక్షరాలు గీత మీద నిలవవు. అయిదో తరగతికి వచ్చేసరికి వాడొక దారి కనిపెడతాడు. పక్కవాడు చదివింది విని, కంఠతా పట్టి, చదివినట్టు నటిస్తాడు. ఆ నటనకు పట్టే తెలివి ఎంతో ఆలోచించండి. అదంతా తప్పించుకోవడానికే ఖర్చవుతోంది.

దీన్ని డిస్లెక్సియా అంటారు. తెలివి తక్కువ కాదు, సోమరితనం కాదు, పెంపకం లోపం కాదు. విన్న ధ్వనికీ కంటి ముందున్న గుర్తుకూ ముడి వేసే పని ఈ పిల్లల మెదడులో తేలికగా జరగదు. అంతే. మిగతా పనులన్నీ మామూలుగానే, కొన్నిసార్లు మామూలు కంటే చురుగ్గానే జరుగుతాయి. మన లిపి ఆ ముడిని ఇంకొంచెం కష్టం చేస్తుంది. ఇంగ్లీషులో 26 అక్షరాలు ఏడాదిలో గుర్తుపడతారు. మనకు అచ్చులూ హల్లులూ వస్తే సరిపోదు, ఒక్కో హల్లుకు గుణింతం, ఒక్కో హల్లుకు ఒత్తు, అవి కలిసిన సంయుక్తాలు, వందల కొద్దీ రూపాలు. మన లిపికి తోబుట్టువు లాంటి కన్నడం చదివే పిల్లల మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధన 2007లో అచ్చయింది. అక్షరాలు పూర్తిగా పట్టుబడడం ఒక ఏడాదిలో ముగిసే పని కాదనీ, మామూలు పిల్లలకే ప్రాథమిక తరగతులు చాలావరకు పడతాయనీ అందులో తేలింది. మామూలు పిల్లలకే అంత కాలం పడితే, ఈ పిల్లాడికి ఎంత ఓపిక, ఎంత సాధన కావాలి? మనం వాడికి ఒకటో తరగతి అయ్యాక ఆ సాధనే ఆపేస్తున్నాం. రెండో తరగతి నుంచి పాఠం ముందుకు పోతుంది, వాడు అక్షరాల దగ్గరే నిలబడి ఉంటాడు.

ఇంకో రకం పిల్లలున్నారు. ప్రార్థన దగ్గర మైకు మోగగానే చెవులు మూసుకుని గోడకు ఆనుకునే పాప. పేరు పెట్టి పిలిస్తే చూడదు, కానీ గోడ మీద గడియారం ముల్లు కదలడాన్ని గంటసేపు చూస్తుంది. మధ్యాహ్న భోజనంలో పప్పు కలిపిన అన్నం ముట్టదు, చిక్కీ ఇస్తే తింటుంది. ఊళ్ళో ఆ పిల్లకు గాలి సోకిందంటారు, తాయెత్తు కట్టిస్తారు. ఆటిజం ఉన్న పిల్లలకు శబ్దం, వెలుతురు, వాసన, నోట్లో తగిలే మెత్తదనం మనకు తగిలినట్టు తగలవు. మనకు మామూలుగా వినిపించే గంట వాళ్ళకు చెవిలో మేకు దిగినట్టు ఉండొచ్చు. ఆ పాప మొండికేయడం లేదు, నొప్పి తప్పించుకుంటోంది.

ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలను అయితే అందరూ గుర్తుపడతారు, తప్పుడు పేరుతో. ‘కోతి’, ‘రౌడీ’. పది నిమిషాలు కూర్చోలేడు, ప్రశ్న పూర్తి కాకముందే జవాబు అరుస్తాడు, పలక యాడ పెట్టాడో వాడికే తెలియదు. ఆడపిల్లల్లో ఇది చాలాసార్లు వేరుగా ఉంటుంది. గలాటా చేయరు. కిటికీలోంచి చూస్తూ ఉండిపోతారు. అయ్యవారికి ఇబ్బంది పెట్టరు గనుక ఎవరి కంటా పడరు. ఏడో తరగతికి వచ్చేసరికి ‘చదువు మీద ధ్యాస లేదు’ అన్న మాట స్థిరపడుతుంది. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో బడి మానిపిస్తారు. ఆడపిల్ల బడి మానితే మా వైపు తర్వాత ఏం జరుగుతుందో జిల్లా కలెక్టరుగా మీకు విడమరచి చెప్పాల్సిన పని లేదు.

ఇంతమంది ఉంటారా అని ఎవరైనా అడగవచ్చు. 2018లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. దేశంలో అయిదు ప్రాంతాల్లో 2 నుంచి 9 ఏళ్ళ పిల్లలను పరీక్షించారు. ఆ అయిదింటిలో హైదరాబాదు ఒకటి. చూపు, వినికిడి, మూర్ఛ, మాట, ఆటిజం, ఏడీహెచ్‌డీ, అభ్యసన ఇబ్బందులతో సహా తొమ్మిదింటిలో కనీసం ఒకటి దాదాపు 12 శాతం పిల్లల్లో ఉన్నట్టు తేలింది. ఎనిమిది మందిలో ఒకరు. ఆ లెక్క మా దగ్గరా అంతే ఉంటే, 24 మంది ఉన్న తరగతిలో ముగ్గురు. ఎక్కడో ఒక ఊళ్ళో ఒక ఇంటి బాధ కాదిది.

మా ప్రాంతానికి ఇంకో చిక్కు ఉంది. దాన్ని పట్టించుకోకపోతే గుర్తింపు పని తప్పుదారి పడుతుంది. వానలు తప్పి చెనక్కాయ పోయిన ఏడు సంసారాలు కట్టగట్టుకుని వలస పోతాయి. పిల్లలు సగం ఏడాది బెంగళూరు షెడ్లలో, సగం ఏడాది ఊళ్ళో. తండాల్లో పిల్లలు ఇంట్లో సుగాలీ భాష మాట్లాడతారు. కొన్ని ఇళ్ళల్లో ఉర్దూ. బడికొస్తే తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు, ఆరులో హిందీ. ఇలాంటి పిల్లాడు చదవలేకపోతే అది మెదడు తీరు వల్లనా, బడి దొరకకపోవడం వల్లనా? రెండింటినీ కలిపేస్తే రెండు అన్యాయాలు జరుగుతాయి. బడి దొరకని పిల్లాడికి వైకల్యం ముద్ర పడుతుంది. నిజంగా డిస్లెక్సియా ఉన్న పిల్లాడు ‘వలస పోయినోళ్ళంతా ఇంతేలే’ అన్న మాట కింద కనిపించకుండా పోతాడు. నేను చూసినంతలో మా దగ్గర ఎక్కువగా జరుగుతున్నది రెండోదే. అందుకే మొదటి పరీక్ష కంటికీ చెవికీ కావాలి. తర్వాత ఆ పిల్లాడు బడికి ఎన్నాళ్ళు వచ్చాడో, ఇంటి భాష ఏదో చూడాలి. అప్పుడు కొన్ని నెలలు వాడికి తగినట్టు చెప్పి చూడాలి. అప్పటికీ అక్షరం ముడి పడకపోతే నిపుణుడి దగ్గరకు పంపాలి. ఇందులో ఏ దశలోనూ ఆ పిల్లాడిని కొట్టాల్సిన అవసరం లేదు. ఏ దశలోనూ వాడికి సాయం ఆపాల్సిన అవసరమూ లేదు.

కొట్టడం గురించి ఒక మాట. మనకు పొరుగునే ఉన్న మదనపల్లెలో 1895లో పుట్టిన ఒక పిల్లవాడికి చిన్నప్పుడే మలేరియా పట్టుకుని ఏళ్ళ తరబడి వదల్లేదు. బడి చాలా పోయింది. బడికి పోయిన రోజుల్లో ఏదో లోకంలో ఉన్నట్టు ఉండేవాడు, పాఠం అప్పజెప్పలేకపోయేవాడు. అయ్యవార్లు మందబుద్ధి అనుకున్నారు, కొట్టారు, బయట నిలబెట్టారు. ఆ పిల్లవాడే ఒకరోజు తండ్రి గడియారాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి, తిరిగి బిగించేదాకా బడికి పోననీ అన్నం తిననీ మొండికేసి కూర్చున్నాడు. ఆయన పేరు జిడ్డు కృష్ణమూర్తి. ఆయన మెదడు తీరు ఇదీ అని ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు. నేను చెప్పదలచుకున్నది వేరు. అయ్యవార్ల కంటికి పాఠం రాని పిల్లవాడు కనిపించాడు, గడియారం బిగించిన పిల్లవాడు కనిపించలేదు. మా ఊళ్ళో స్టార్టరు బాగుచేసే పిల్లాడి విషయంలోనూ నూటపాతికేళ్ళ తర్వాత అదే జరుగుతోంది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ మనసు నొప్పించడాన్నీ నిషేధించి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కర్ర చాలా బడుల్లో పోయింది. మాటలు పోలేదు. ‘మొద్దు’, ‘మట్టిబుర్ర’, ‘గొర్రెలకు పో’ అన్నవి కూడా ఆ సెక్షన్ కిందికే వస్తాయని మా అయ్యవార్లలో ఎంతమందికి ఎవరు చెప్పారు?

అదే మదనపల్లె దగ్గర, కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన రిషి వ్యాలీలో ఒక మంచి పని జరిగింది. చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం అక్కడి గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు ఒక పద్ధతి తయారుచేశారు. పాఠ్యపుస్తకాన్ని చిన్నచిన్న కార్డులుగా విడగొట్టారు. వాటిని ఒక నిచ్చెన మెట్లలా వరుస పెట్టారు. ప్రతి పిల్లా తన మెట్టు మీద తాను ఉంటుంది, ఒకటి వచ్చాకే తర్వాతి దానికి పోతుంది. రాకపోతే అదే మెట్టులో ఇంకో ఆట, ఇంకో కార్డు. పక్క పిల్ల ముందుకు పోయిందని ఈ పిల్లను ఈడ్చరు. ఒకే గదిలో అయిదు తరగతులున్న ఏకోపాధ్యాయ బడిలో కూడా ఇది నడుస్తుంది. తమిళనాడు దీన్ని చూసి తన సర్కారు బడుల్లో కృత్యాధార బోధనగా విస్తరించింది. మా జిల్లాకు పక్కనే పుట్టిన పద్ధతిని మా పిల్లల కోసం వాడుకోవడానికి ఎవరిని అడగాలి? వెనకబడిన పిల్లాడి కోసం మిగతా తరగతిని ఆపనక్కర్లేదు, మిగతా తరగతి కోసం వాడిని వదిలేయనక్కర్లేదు అని అది చేసి చూపింది.

ఇక చట్టం. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి. డిస్లెక్సియా, ఆటిజం అందులో లేవు. 2016 చట్టం ఆ సంఖ్యను 21 చేసింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలవుతోంది. నిర్దిష్ట అభ్యసన వైకల్యం, ఆటిజం అందులో ఉన్నాయి. దాని 16వ సెక్షన్ సర్కారు నిధులతో నడిచే బడులకూ సర్కారు గుర్తించిన బడులకూ ఒక బాధ్యత పెట్టింది. అభ్యసన వైకల్యాన్ని వీలైనంత ముందుగా గుర్తించి, తగిన బోధనతో అధిగమించేలా చూడాలి. 17వ సెక్షన్ అయిదేళ్ళకోసారి బడి పిల్లల్లో సర్వే చేయమంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాషల మినహాయింపు లాంటి మార్పులు చేయమంది. 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకా స్పష్టంగా, మూడో తరగతిలో కానీ ఎనిమిదేళ్ళ వయసులో కానీ, ఏది ముందైతే అప్పుడు అయ్యవార్లే తొలి పరిశీలన చేయాలన్నాయి. నేను మూడో తరగతి అని పట్టుబట్టడం నా ఊహ కాదు.

ఈ సెక్షన్లలో 40 శాతం వైకల్యం ఉండాలన్న మాట లేదు. దయచేసి దీన్ని గమనించండి. 40 శాతం లెక్క ఉచిత విద్య, రిజర్వేషన్లు, పింఛను లాంటి వాటికి. తరగతి గదిలో తోడ్పాటుకు ఆ లెక్క లేదు. ఏడీహెచ్‌డీ పేరు ఆ 21 జాబితాలోనే లేదు. కాబట్టి కాగితం కోసం చూస్తే ఆ పిల్లలకు ఎన్నటికీ సాయం అందదు. కింది స్థాయిలో మాత్రం ‘సదరం సర్టిఫికెట్టు ఉందా?’ అన్నదే మొదటి ప్రశ్న, చాలాసార్లు చివరి ప్రశ్న కూడా. ఆ సర్టిఫికెట్టు తెచ్చుకోవడం అంటే ఏమిటో మా దగ్గరి తల్లిని అడగాలి. స్లాటు దొరకాలి. మానసిక వైద్యుడు, సైకాలజిస్టు ఉన్న పెద్దాసుపత్రికి పోవాలి. గాండ్లపెంట నుంచి కదిరికి ఒక బస్సు. కదిరి నుంచి అనంతపురం ఇంకో 90 కిలోమీటర్లు. ఒక దినం కూలి పోతుంది, బిడ్డ బస్సులో కుదురుగా ఉండకపోతే జనం చూపులు భరించాలి. ఆ రోజు పరీక్ష పూర్తి కాకపోతే మళ్ళీ పోవాలి. స్తోమత ఉన్నవాళ్ళు బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రికి పోతారు. అక్కడ కన్నడం, ఇంగ్లీషు మాట్లాడే జనం మధ్య, తెలుగు తప్ప మరోటి రాని తల్లి బిడ్డ గురించి చెప్పుకోలేక చెప్పుకుంటుంది. సర్టిఫికెట్టు వద్దనడం లేదు. పింఛనుకూ పదో తరగతి పరీక్ష వెసులుబాట్లకూ అది కావాలి. కానీ అది వచ్చేదాకా మూడో తరగతి పిల్లాడు ఆగలేడు. చెనక్కాయ చేనుకు ఊడలు దిగేటప్పుడు అందాల్సిన తడి, కాయలు పెరికే దినాన ఎంత పారించినా ఉపయోగం లేదు.

పదో తరగతిలో ఏం జరుగుతుందో చెప్తాను. అప్పటిదాకా ఎవరూ గుర్తించని పిల్లాడి ప్రీఫైనల్ మార్కులు చూసి, ‘స్క్రైబ్ పెడదామా?’ అన్న ఆలోచన బడిలో పుడుతుంది. అప్పుడు కాగితాలు లేవు, గడువు దాటింది. సహాయకుడితో పరీక్ష రాసేవారికి గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్రం 2018 ఆగస్టులోనే చెప్పింది. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, 40 శాతం లేకపోయినా రాయడంలో ఇబ్బంది ఉంటే సహాయకుడిని ఇవ్వాల్సిందే అంది. ఆ తీర్పును అనుసరించి 2022 ఆగస్టులో మార్గదర్శకాలూ వచ్చాయి. 2021 నవంబరులో, రాతలో ఇబ్బంది పడే డిస్‌గ్రాఫియా ఉన్న ఒక విద్యార్థినికి నీట్ పరీక్ష కేంద్రంలో హక్కుగా రావాల్సిన గంట ఇవ్వలేదని తేలినప్పుడు, ఆ అన్యాయాన్ని సరిదిద్దమని అదే కోర్టు ఆదేశించింది. ఢిల్లీలో ఇన్ని గెలుపులున్నా మా మండలం పిల్లాడి దాకా ఒక్కటీ రాదు, మూడో తరగతిలో వాడి పేరు ఎవరూ రాసుకోలేదు గనుక.

మా అయ్యవార్ల మీద నాకు కోపం లేదు. వాళ్ళ రోజు ఎలా గడుస్తుందో చూస్తున్నవాడిని. హాజరు యాప్‌లో, భోజనం ఫొటో యాప్‌లో, ఆపైన ఇంకో నమోదు. ఇద్దరే ఉన్న బడిలో ఒకరు శిక్షణకు పోతే మిగిలినవారు అయిదు తరగతులూ చూడాలి. వాళ్ళకు బి.ఇడి.లోనో డి.ఇడి.లోనో ఈ పిల్లల గురించి ఒక పాఠం చెప్పి ఉంటారు. పక్కన నిలబడి, ‘ఈ పిల్లాడికి ఇలా చెప్పి చూడండి సార్’ అనే మనిషి కావాలి. సమగ్ర శిక్ష కింద మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు, సహిత విద్య రిసోర్సు పర్సన్లు ఉన్నది అందుకే. వాళ్ళు తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలను చూసుకోవడంలోనే రోజంతా గడుపుతున్నారు, అది కూడా తప్పనిసరి పనే. సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ఇచ్చిన తీర్పు తర్వాత కేంద్రం ఒక లెక్క ఖరారు చేసింది. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పదిమంది పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలి. మన రాష్ట్రం 2025 ఏప్రిల్‌లో 2,260 ప్రత్యేక విద్యా ఉపాధ్యాయ పోస్టులు మంజూరు చేసింది. అందులో మా మండలం వాటా మా బడుల్లో నిలబడి పాఠం చెప్పాలి, కదిరిలోనో పుట్టపర్తిలోనో ఆఫీసు పనికి పోకూడదు. ఇది మీరు చూడగలిగిన విషయం.

అప్పటిదాకా కూడా బడిలో చేయగలిగినవి ఉన్నాయి, వాటికి జీవో అక్కర్లేదు. చదవలేని పిల్లాడిని నలుగురిలో లేపి బిగ్గరగా చదివించకపోవడం. బోర్డు మీది పది వాక్యాలకు బదులు మూడు రాస్తే చాలనడం. సామాన్యశాస్త్రం జవాబు నోటితో చెప్తే మార్కు వేయడం. వాడికి శాస్త్రం వచ్చా రాదా అన్నది కదా ప్రశ్న, ఒత్తులు వచ్చా అన్నది కాదు. కుదురు లేని పిల్లాడిని ముందు బెంచీలో కూర్చోబెట్టి, పావుగంటకోసారి డస్టరు తెమ్మనో నోటుపుస్తకాలు పంచమనో లేపడం. చెవులు మూసుకునే ఆ పాపను ప్రార్థనలో మైకుకు దూరంగా నిలబెట్టడం, భోజనం అందరికంటే అయిదు నిమిషాలు ముందు పెట్టడం, రేపు పరీక్ష ఉంటే ఈరోజే చెప్పడం. మార్పు ముందుగా తెలిస్తే ఆ పాపకు సగం భయం పోతుంది. ఇంటి భాష వేరైన పిల్లకు ఆ భాష తెలిసిన పెద్దపిల్లను జతచేయడం.

నోటితో చెప్పడం అన్నప్పుడు మా మండలం కటారుపల్లె గుర్తు చేయాలి. వేమన సమాధి అక్కడే ఉంది. ఏటా జనవరి 19న వేమన జయంతి జరుపుతాం, పిల్లలతో పద్యాలు చెప్పిస్తాం. బ్రౌను దొర ప్రతులు సేకరించి 1829లో అచ్చు వేయించేదాకా ఆ పద్యాల్లో చాలా భాగం జనం నోటి మీదనే బతికాయి. అక్షరం రాని రైతుకూ గొర్రెల కాపరికీ అవి వచ్చు, అర్థమూ తెలుసు. ఆయన సమాధి ఉన్న మండలంలో, పద్యం అర్థం చక్కగా చెప్పగలిగిన పిల్లాడికి తెలుగులో సున్నా మార్కులు రావడం నా మనసును కోస్తుంది. ఇందులో బోధనకు పనికొచ్చే సంగతి కూడా ఉంది. పద్యం లయగా చెప్పే పిల్లాడు మాటను అక్షరాలుగా విరిచే శక్తి చెవితో సంపాదిస్తున్నాడు. ఆ విరుపునే చప్పట్లతో, తర్వాత అట్టముక్కల మీది అక్షరాలతో కలిపితే చదువుకు దారి దొరుకుతుంది. వాడికి ముందే వచ్చిన పద్యంతో చదవడం మొదలుపెట్టించండి, రాని పాఠంతో కాదు.

తల్లుల సంగతి మర్చిపోతే ఈ లేఖ సగమే. మా వైపు బిడ్డ వేరుగా ఉంటే నింద తల్లి మీద పడుతుంది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందనీ, ఫోను ఇచ్చి పాడుచేసిందనీ, గారాబం చేసిందనీ అంటారు. అత్త అంటుంది, తోడికోడలు అంటుంది, అంగన్‌వాడీ దగ్గర ఇంకో తల్లి అంటుంది. ఒక్క డాక్టరో ఒక్క అధికారో ఆమెను కూర్చోబెట్టి, ‘ఇది నీ తప్పు కాదమ్మా’ అని అందరి ముందూ చెప్తే ఆమె మళ్ళీ తల ఎత్తుకుని బడికొస్తుంది. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు బడులకూ అంగన్‌వాడీలకూ వస్తాయి. వాళ్ళు చూడాల్సిన జాబితాలో ఆటిజం, అభ్యసన ఇబ్బంది, ఏడీహెచ్‌డీ కూడా ఉన్నాయి. పళ్ళూ కళ్ళూ చూసి పోకుండా, ఆ బృందం తల్లితో పది నిమిషాలు మాట్లాడాలని మీరు చెప్పగలరు.

కలెక్టర్ గారూ, నేను అడుగుతున్నది ఒక మండలంలో మొదలుపెట్టమని. నిపుణ్ భారత్ పథకం కింద మూడో తరగతి పిల్లల్లో ఎవరికి చదవడం వచ్చిందో, ఎవరికి రాలేదో మా అయ్యవార్ల దగ్గర ఇప్పటికే నమోదై ఉంది. ఆ జాబితా తెప్పించండి. అందులో వెనకబడిన ప్రతి పిల్లకూ ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన ప్రశస్త్ పరిశీలన పట్టికతో తొలి పరిశీలన చేయించండి. కంటి, చెవి పరీక్షలు బడిలోనే జరిపించండి. ఆ తర్వాత కూడా అనుమానం మిగిలిన పిల్లల కోసం సైకాలజిస్టునూ మానసిక వైద్యుడినీ ఏడాదికి రెండుసార్లు గాండ్లపెంటకే పంపించండి, కాదంటే కదిరికి. వలస పోయిన తల్లిదండ్రులు ఉగాదికీ సంక్రాంతికీ ఊరికొస్తారు, ఆ రోజులకు దగ్గరలో పెట్టండి, వాళ్ళు బిడ్డ పక్కన ఉంటారు. సర్టిఫికెట్టు లేదని తరగతి గదిలో ఏ పిల్లకూ సాయం నిరాకరించరాదని అన్ని బడులకూ ఒక ఉత్తర్వు పంపండి, ప్రైవేటు బడులకు కూడా. అది తెలుగులో ఉండాలి, నోటీసు బోర్డు మీద తల్లిదండ్రులకు కనిపించాలి. పిల్లల పేర్లు మాత్రం ఎక్కడా అంటించవద్దు.

తల్లిదండ్రులను బడికి తీసుకొచ్చే పని, అవ్వలకు విడమరచి చెప్పే పని, తండాల్లో తిరిగే పని మా ఊళ్ళ చదువుకున్నవాళ్ళం చేస్తాం. ఈ ఏడు మూడో తరగతిలో ఉన్న పిల్లలు వచ్చే జూన్‌లో నాలుగులోకి పోతారు. ఆలోపు మీ ఉత్తర్వు మా మండలానికి చేరాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
గాండ్లపెంట మండల వాసి ఒకరు